గేర్‌బాక్స్ మార్చాలన్నారు, మార్చింది టీసీఎం ఒక్కటే

ఆటోమేటిక్ కారు ఉన్నవాళ్లకి "గేర్‌బాక్స్ పోయింది" అన్న మాట వింటే గుండెలో రాయి పడుతుంది. మొన్న ఎండాకాలంలో నాకు ఆ మాటే చెప్పారు. చివరికి గేర్‌బాక్స్ విప్పకుండానే, దాన్ని నడిపించే కంప్యూటర్ (టీసీఎం) ఒక్కటి మారిస్తే బండి బాగైంది. ఇవే లక్షణాలతో ఎస్టిమేట్ కాగితం చేతిలో పట్టుకుని కూర్చున్నవాళ్లకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది పెట్రోల్ సెడాన్, ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్, అంటే ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే రకం. వారంటీ ఎప్పుడో అయిపోయింది. విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్తుంటే సూర్యాపేట దాటాక ఇంజిన్ ఉన్నట్టుండి రొద పెట్టింది. ఆర్‌పీఎం ముల్లు పైకి లేచింది, మీటర్లో "డి" పక్కన ఉండే గేరు అంకె మాయమైంది, చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. కొర్లపహాడ్ టోల్‌గేట్ దగ్గర ఆగి మళ్లీ కదలబోతే బండి బరువెక్కినట్టు ఈడ్చుకుంటూ కదిలింది. వెనక లారీవాళ్ల హారన్లు, పక్కన మా ఆవిడ టెన్షన్. ఎలాగో నకిరేకల్ దాకా లాక్కొచ్చి ఓ హోటల్ ముందు చెట్టు నీడన ఆపాం. భోజనం చేసి వచ్చి స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు గేర్లన్నీ మామూలుగా పడ్డాయి. హైదరాబాద్ ఊరి ట్రాఫిక్‌లో మళ్లీ అదే కథ. వేడెక్కితే మొరాయించడం, చల్లారితే బాగుండటం. ఈ ఒక్క గుర్తే తర్వాత మొత్తం వ్యవహారాన్ని తేల్చింది.

టీసీఎం అంటే ట్రాన్స్‌మిషన్ కంట్రోల్ మాడ్యూల్. గేర్‌బాక్స్‌కి మెదడు అదే. ఇన్‌పుట్ షాఫ్ట్ ఎంత వేగంగా తిరుగుతోంది, అవుట్‌పుట్ షాఫ్ట్ ఎంత, యాక్సిలరేటర్ ఎంత తొక్కారు, ఆయిల్ ఎంత వేడిగా ఉంది అన్నవి సెన్సర్ల నుంచి తీసుకుని, లోపల ఉన్న సోలనాయిడ్ వాల్వులకి (కరెంటుతో పనిచేసే ఆయిల్ వాల్వులు) కరెంటు పంపి గేర్లు మారుస్తుంది. ఆ కరెంటు ఆగిపోతే వాల్వులు వాటి మామూలు స్థితికి వచ్చేస్తాయి. అప్పుడు ఆయిల్ ప్రెషర్ దానంతట అదే ఒక గేరుని పట్టి ఉంచుతుంది. చాలా బళ్లలో అది మూడో గేరు. రివర్స్ కూడా పనిచేస్తుంది. మెకానిక్‌లు లింప్ మోడ్ అనేది దీన్నే. బండి నడిరోడ్డు మీద ఆగిపోకుండా షెడ్డు దాకా చేరడానికి చేసిన ఏర్పాటు అది. ఆ స్థితిలో లోపలి ప్రెషర్ పూర్తిగా పెరిగి ఉంటుంది కాబట్టి, న్యూట్రల్ నుంచి డ్రైవ్‌లోకి వేస్తే ఢామ్మని కుదుపు వస్తుంది. ఆ కుదుపు చూసి గేర్‌బాక్స్ లోపలి క్లచ్ ప్లేట్లు అరిగాయనుకోవడం తేలిక.

సర్వీస్ సెంటర్‌లో సరిగ్గా అదే జరిగింది. స్కానర్ పెట్టారు, పీ0700 అని కోడ్ వచ్చింది, సలహాదారు "గేర్‌బాక్స్ అసెంబ్లీ మార్చాలి సార్" అన్నాడు. ఎస్టిమేట్ రెండు లక్షలు దాటింది. పీ0700 అంటే గేర్‌బాక్స్ పాడైందని అర్థం కాదు. "టీసీఎం దగ్గర ఏదో ఫిర్యాదు ఉంది, వెళ్లి అక్కడ చూడు" అని ఇంజిన్ కంప్యూటర్ చెప్పే కబురు మాత్రమే అది. అసలు కోడ్ టీసీఎం లోపల ఉంటుంది, దాన్ని విడిగా చదవాలి. చదివారా అని అడిగాను. "అది కనెక్ట్ కావట్లేదు సార్" అన్నాడు. పక్కనే యూ0101 అనే కోడ్ కూడా ఉంది. టీసీఎంతో మాటలు తెగిపోయాయని దాని అర్థం. మెదడే పలకనప్పుడు గేర్‌బాక్స్ పోయిందని ఎలా చెప్తున్నారంటే జవాబు లేదు. స్కాన్ రిపోర్ట్ ప్రింటు తీసుకుని, బండి చల్లారాక బయటికి తెచ్చేశాను.

విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నగారి కాలం నుంచి తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉన్నాడు. మేమంతా బాబాయ్ అనే పిలుస్తాం. ప్రింటు చూసి, "గేర్‌బాక్స్ సంగతి తర్వాత. ముందు దీనికి కరెంటు అందుతోందో లేదో చూద్దాంరా" అన్నాడు.

ఆయన పనిచేసిన వరస చెప్పాలి, ఎందుకంటే దీన్నే చాలా చోట్ల దాటేస్తున్నారు. ముందు బ్యాటరీ చూశాడు, తర్వాత ఫ్యూజులు, ఎర్త్ వైర్లు. స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య మీటరు పెట్టి రెసిస్టెన్స్ కొలిచాడు. బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు వైర్ల క్యాన్ లైన్‌కి రెండు కొసల్లోనూ 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి, రెండూ బాగుంటే దాదాపు 60 చూపించాలి. అరవయ్యే చూపించింది. అంటే ఆ రెండు వైర్లూ కొసదాకా తెగలేదు. మా బండిలో టీసీఎం బయటే, బ్యాటరీ ట్రే కింద ఉంటుంది. కనెక్టర్ ఊడదీసి టార్చి వేసి చూపించాడు. పిన్నులకి ఎక్కడా పచ్చ చిలుము లేదు, తడి లేదు. ఊడదీసిన కనెక్టర్‌లో కరెంటు వచ్చే పిన్నుకీ ఎర్త్ పిన్నుకీ మధ్య ఒక ఇండికేటర్ బల్బు కలిపాడు. ఫుల్లుగా వెలిగింది. "మీటరు 12 చూపించినా నమ్మకూడదు. వైరులో ఒక్క పోగు మిగిలినా 12 చూపిస్తుంది. బల్బు వెలిగితేనే వైరు బాగున్నట్టు" అన్నాడు. నాకు ఈ ముక్క బాగా నచ్చింది.

ఇక మిగిలింది మాడ్యూల్. కనెక్టర్ మళ్లీ పెట్టి స్కానర్ కలిపితే టీసీఎం చక్కగా పలికింది. సెన్సర్ల అంకెలన్నీ తెర మీద కదులుతున్నాయి. అప్పుడు ఇంట్లోంచి హెయిర్ డ్రైయర్ తెప్పించి మాడ్యూల్ అల్యూమినియం డబ్బా మీదికి వేడి గాలి పట్టాడు. ఎవరం మాట్లాడలేదు, అందరి కళ్లూ స్కానర్ మీదే. కాసేపటికి అంకెలు కదలడం మానేశాయి. తర్వాత తెర మీద "నో కమ్యూనికేషన్" అని వచ్చింది, డాష్‌బోర్డులో గేరు అంకె ఆరిపోయింది. డ్రైయర్ ఆపి కంప్రెసర్ గాలి కొట్టి చల్లార్చి, ఇగ్నిషన్ ఆపి మళ్లీ ఆన్ చేశాడు. మళ్లీ పలికింది. ఇంకోసారి వేడి చేస్తే మళ్లీ మూగపోయింది. లోపల బోర్డు మీద ఎక్కడో సోల్డర్ అతుకు చిట్లి ఉంటుందని, వేడికి వ్యాకోచించి విడిపోతోందని చెప్పాడు. గేర్‌బాక్స్ ఆయిల్ కూడా కొంచెం తీసి తెల్ల కాగితం మీద వేసి చూపించాడు. ఎర్రగానే ఉంది, మాడిన వాసన లేదు, నలుసులు లేవు. ప్లేట్లు కాలిపోయిన గేర్‌బాక్స్ ఆయిల్ అలా ఉండదు.

తర్వాత ఏ మాడ్యూల్ కొనాలన్న చర్చ. బోర్డు విప్పి సోల్డర్ చేసేవాళ్లు ఉన్నారు, ఖర్చు తక్కువే. కానీ మా బండి మాడ్యూల్ జెల్ పోసి సీల్ చేసి ఉంది. విప్పితే మళ్లీ నీళ్లు పోకుండా ఉంటుందన్న భరోసా లేదు. స్క్రాప్ బళ్ల నుంచి తీసినవి కూడా దొరుకుతాయి. అయితే పాత మాడ్యూల్‌లో ఆ పాత బండి ఛాసిస్ నంబరు, దాని గేర్‌బాక్స్‌కి తగ్గట్టు నేర్చుకున్న విలువలు ఉంటాయి. కొన్ని కంపెనీలవి వేరే బండిలో అసలు పనిచేయవు. హైవే మీద కుటుంబంతో తిరిగే బండి కాబట్టి కొత్తదే తీసుకున్నాను. పార్ట్ నంబరు చివరి అక్షరం దాకా సరిపోవాలి. ఒకే మోడల్‌లో సంవత్సరం మారితే మాడ్యూల్ కూడా మారొచ్చు. అందుకే ఛాసిస్ నంబరు ఇచ్చి కౌంటర్లో చూపించుకున్నాకే డబ్బు కట్టాను. ఎలక్ట్రికల్ సామాన్లు ఒకసారి కొంటే వెనక్కి తీసుకోరు. బాబాయ్ హెయిర్ డ్రైయర్ పరీక్ష విలువ అక్కడ తెలిసింది.

బిగించడం చిన్న పని. బ్యాటరీ నెగటివ్ తీసి, ట్రే తీసి, నాలుగు బోల్టులు విప్పి, కొత్తది పెట్టి కనెక్టర్ లివరు నొక్కితే అయిపోయింది. అసలు పని కోడింగ్. కొత్త మాడ్యూల్ ఖాళీ పలకలా వస్తుంది. దాంట్లోకి సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి, ఛాసిస్ నంబరు రాయాలి. అది కంపెనీ టూల్‌తోనే అవుతుంది కాబట్టి మళ్లీ సర్వీస్ సెంటర్‌కే వెళ్లాల్సి వచ్చింది, ఈసారి వేరేది. జాబ్ కార్డులో "టీసీఎం కోడింగ్, అడాప్టేషన్ మాత్రమే" అని రాయించాను. అక్కడి కుర్రాడు మంచి పనివాడు. ముందు బ్యాటరీకి స్థిరంగా వోల్టేజి ఇచ్చే ఛార్జర్ తగిలించి, ఏసీ, లైట్లు అన్నీ ఆపి గానీ మొదలుపెట్టలేదు. సాఫ్ట్‌వేర్ ఎక్కుతుండగా వోల్టేజి పడిపోతే కొత్త మాడ్యూల్ కూడా పనికిరాకుండా పోవచ్చు.

కోడింగ్ అయ్యాక అడాప్టేషన్. ఆయిల్ కావాల్సిన వేడికి వచ్చాక బ్రేకు తొక్కి పట్టి న్యూట్రల్ నుంచి డ్రైవ్‌కి, న్యూట్రల్ నుంచి రివర్స్‌కి మార్చుతూ ప్రతిసారీ కాసేపు ఆగాలి. ఏ క్లచ్ ఎంత ప్రెషర్‌కి పట్టుకుంటుందో మాడ్యూల్ అలా నేర్చుకుంటుంది. తర్వాత రోడ్డు మీద. బందరు రోడ్డులో కంకిపాడు వైపు, యాక్సిలరేటర్ మెత్తగా తొక్కుతూ ఒకటి నుంచి ఆరు దాకా వెళ్లడం, బ్రేకు తక్కువ వాడి నిదానంగా ఆగడం, మళ్లీ అదే. మొదట్లో రెండు నుంచి మూడుకి మారేటప్పుడు చిన్న కుదుపు ఉండేది. ఆ కుర్రాడు ముందే చెప్పాడు, "కొన్నాళ్లు మెత్తగా నడపండి సార్, అదే సర్దుకుంటుంది" అని. సర్దుకుంది.

ఇన్సూరెన్స్‌ని కూడా అడిగాను. మామూలు పాలసీలో ఎలక్ట్రికల్, మెకానికల్ బ్రేక్‌డౌన్‌కి క్లెయిమ్ ఉండదు. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉన్నవాళ్లు మాత్రం టీసీఎం అందులో కవర్ అవుతుందో లేదో చూసుకోండి, బయట ఎవరిచేతా మాడ్యూల్ ముట్టుకోనివ్వకముందే చూసుకోండి. హైవే మీద ఇలా ఇరుక్కుంటే 1033కి ఫోన్ చేయొచ్చు, జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ అది. మొత్తం మీద కొత్త మాడ్యూల్, కోడింగ్, బాబాయ్ కూలీ, పనిలో పనిగా మార్చిన గేర్ ఆయిల్ అన్నీ కలిపినా మొదటి ఎస్టిమేట్‌లో నాలుగో వంతు కాలేదు. ఆ తర్వాత మళ్లీ ఎర్రటి ఎండలో, ఏసీ వేసుకుని హైదరాబాద్ వెళ్లొచ్చాం. తిరిగొచ్చాక బాబాయ్ స్కానర్ పెట్టి చూశాడు, ఒక్క కోడ్ కూడా లేదు.