లాంకాస్టర్ వేలంపాటలో ఒక పొడుగు తుపాకీ

పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ కౌంటీలో ఒక రైతు పెద్దాయన చనిపోతే ఇంటి సామానంతా వేలానికి పెట్టారు. అందులో పాత తుపాకులూ ఉన్నాయని తెలిసి మా బావ, నేను వర్జీనియా నుంచి తెల్లవారకముందే బయల్దేరాం. గెటిస్‌బర్గ్ మీదుగా 30వ నంబరు రోడ్డెక్కి సస్క్వెహానా నది దాటాక కార్లు నడపకుండా పాతకాలపు పద్ధతిలో బతికే ఆమిష్ క్రైస్తవుల గుర్రబ్బండ్లు ఎదురవడం మొదలైంది. చిన్నప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది దగ్గర నన్ను కదిలించడం అమ్మానాన్నల తరమయ్యేది కాదు. ఆ ఇష్టమే ఇక్కడిదాకా తెచ్చింది.

పాట మొదలవకముందు సామాను చేత్తో పట్టుకుని చూడనిస్తారు. అసలు పనంతా అప్పుడే. పాట ముగిశాక ఉన్నది ఉన్నట్టు తీసుకోవాల్సిందే, వాపసు లేదు. పాడిన ధర మీద కమీషన్ అదనం.

బల్ల మీద ఒక వించెస్టర్ 94 రైఫిల్ నిగనిగలాడుతోంది, చుట్టూ జనం. బావ ఒక్క చూపు చూసి వదిలేశాడు. "గొట్టం మీద అక్షరాల అంచులు చూడరా, అరిగిపోయాయి. పాలిష్ పట్టి కొత్తగా రంగేశారు" అన్నాడు. ఇనుము గోధుమరంగుకు తిరిగినా ఫర్వాలేదు, పాత రంగు గీకి కొత్తది వేస్తే మాత్రం సేకరించేవాళ్ల దృష్టిలో విలువ బాగా పడిపోతుంది.

నా కళ్లు పక్కనున్న పొడుగు తుపాకీ మీదే ఉన్నాయి. 18వ శతాబ్దంలో ఇక్కడ స్థిరపడ్డ జర్మన్ పనివాళ్లు తమ దేశపు పొట్టి వేట తుపాకీని మార్చి, గొట్టం పొడవు పెంచి చేసిన రకమిది. లాంకాస్టర్‌లో జేకబ్ డికర్ట్ లాంటివాళ్లు దీనికి పేరు తెచ్చారు. ఎనిమిది పలకల గొట్టం, చారలు తేలిన మేపుల్ కర్ర, దానికి ఇత్తడి మూత ఉన్న చిన్న అర. గుండుకు చుట్టే గుడ్డముక్కలు అందులో దాచుకునేవాళ్లు. ఇది పుట్టడం చెకుముకి రాయి నిప్పురవ్వతో పేలే తుపాకీగానే పుట్టింది, 19వ శతాబ్దంలో ఎవరో క్యాప్‌తో, అంటే దెబ్బ తగిలితే పేలే మందున్న చిన్న లోహపు టోపీతో, పేలేలా మార్పించుకున్నారు. టార్చి వేసి చూస్తే పక్క పలక మీద పాత చెకుముకి భాగాలు తీసేశాక పూడ్చిన స్క్రూ రంధ్రాలు కనిపించాయి.

"మళ్లీ చెకుముకి పెట్టించి ఉంటే ఎక్కువ పలికేది కదా బావా?" అన్నాను.

"అలా పెట్టించనందుకే కొనాలిరా! వాడుకున్నవాడు చేయించిన మార్పు దాని చరిత్ర. అమ్మడానికి చేసేది వేషం."

ఆ మాటతో నేను నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను.

కాగితాల సంగతి కూడా చెప్పాలి. 1898లోగా తయారైన తుపాకులను ఫెడరల్ చట్టం పురాతన వస్తువులుగా చూస్తుంది, తర్వాతవి డీలరు దగ్గర కొంటే కొనేవాడి వివరాలు రాసే 4473 అనే ఫారం నింపాలి. 50 ఏళ్లు దాటినవాటిని సేకరించేవాళ్లకు వేరే లైసెన్సు ఉంది, 3 ఏళ్లకు 30 డాలర్లు. రాష్ట్రాల నిబంధనలు మళ్లీ వేరు. హెచ్1బీ, ఎఫ్1 వీసాల మీదున్న మనవాళ్లకు కొద్ది మినహాయింపులు తప్ప ఆధునిక తుపాకీ కొనే వీల్లేదు. దయచేసి సరదాకైనా ఆ జోలికి పోవద్దు.

మధ్యలో ఆమిష్ ఆడవాళ్లు అమ్ముతున్న చికెన్ కార్న్ సూప్ తాగాం. చలికి ప్రాణం లేచొచ్చింది.

ఇక్కడి పాటగాడు మన ఊళ్లోలా ఒకటోసారి, రెండోసారి అని ఆగడు, ఊపిరి తిప్పుకోకుండా రాగం తీస్తూనే ఉంటాడు. వించెస్టర్‌కి జనం పోటీపడ్డారు. పొడుగు తుపాకీకి చివరికి మిగిలింది నేను, ఒక తెల్లగడ్డం ఆయన. చెయ్యెత్తిన ప్రతిసారీ టెన్షన్‌తో అరచెయ్యి తడిసిపోయింది. అనుకున్న హద్దుకు ఒక్క పాట ముందు ఆయన తల అడ్డంగా ఊపాడు.

తర్వాత ఆయనే వచ్చి చెయ్యి కలిపి, గొట్టం పైపలక మీద మసకబారిన రెండక్షరాలు చూపించాడు. చేసినవాడి పొడి అక్షరాలట. "గరుకు కాగితం మాత్రం తగలనివ్వకు, మైనం రుద్దు చాలు" అని మరీమరీ చెప్పాడు. వచ్చే నెల లాండిస్ వ్యాలీ మ్యూజియానికి వెళ్లి, అక్కడున్న తుపాకుల ఇత్తడి మూతలతో దీన్ని పోల్చి చూడాలని బావ ఇప్పటికే ఫొటోలు తీసి పెట్టాడు.