పంతొమ్మిదో రోజు

మా అమ్మాయి స్నాతకోత్సవం తేదీ తెలియగానే అది ఏ వారమో చూడలేదు, కీమో రోజులు లెక్కపెట్టాను. రొమ్ము క్యాన్సర్‌కి నాకు ఎక్కిస్తున్నవి డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్. 21 రోజులకోసారి ఒక డోసు. మూడో డోసు రోజును ఒకటి అనుకుంటే, పట్టా ఇచ్చేది 19వ రోజు. అంతకంటే మంచి ముహూర్తం ఎవరూ పెట్టలేరు.

ఈ మందులకో వరస ఉంది. మొదటి రెండు మూడు రోజులు, వాంతులు రాకుండా ఇచ్చే స్టెరాయిడ్ పుణ్యమా అని లేని హుషారు వస్తుంది. దాన్ని నమ్మి ఎవరికీ వస్తానని మాటివ్వకండి. అది ఆపేశాక ఒక్కసారిగా కూలబడతాం. 10 నుంచి 14వ రోజు దాకా, ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు అడుగంటుతాయి. పైకి బాగానే ఉంటాం, నలుగురిలో తిరగాలనిపిస్తుంది, అసలు ప్రమాదం అప్పుడే. మూడో వారంలో అవి మళ్లీ లేస్తాయి. ఈ లెక్క నాకు డాక్టరు చెప్పలేదు. మందు ఎక్కించే సిస్టర్, ప్రిస్క్రిప్షన్ వెనకవైపు గళ్లు గీసి మరీ చెప్పింది.

అన్నీ తెలిసే 11వ రోజు తప్పు చేశాను. సాయంత్రం ఒళ్లు వెచ్చబడితే థర్మామీటర్ పెట్టుకోకుండా పారాసిటమాల్ మింగాను. జ్వరమని తేలితే ఆసుపత్రిలో చేర్చుకుంటారు, పట్టా చూడలేనని భయం. బిళ్ల జ్వరాన్ని దించింది, లోపలి ఇన్‌ఫెక్షన్ మాత్రం దాని పని అది చేసుకుపోయింది. రాత్రి రెండింటికి వణుకు మొదలైంది. మంచం గోడకి తగిలి టకటకమంటోంది, దుప్పటి అంచు వేళ్లకి చిక్కట్లేదు. 101.6. కీమో మీద ఉన్నవాళ్లకి 100.4 చేరితే చాలు, అర్ధరాత్రైనా పరుగెత్తాలి.

క్యాజువాల్టీలో వంతు కోసం కూర్చోకూడదు. మా ఆయన గుమ్మంలోనే “కీమో పేషెంటు, జ్వరం” అని అరిచారు, అదే నన్ను కాపాడింది. తెల్లకణాలు 800, అందులో క్రిముల మీదికి ముందుగా వెళ్లే న్యూట్రోఫిల్స్ 25 శాతం, అంటే 200. 500 కంటే తగ్గాయంటే ఒంటికి కాపలా లేనట్టే. రక్తంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే కల్చర్ పరీక్షకి రెండు చోట్ల నుంచి రక్తం తీసి, ఫలితం కోసం ఆగకుండా గంటలోపే యాంటీబయాటిక్ ఎక్కించారు.

బిళ్ల సంగతి, ఎందుకు మింగానో కూడా దాచకుండా చెప్పాను. డ్యూటీ డాక్టరు ఫైల్లోంచి తలెత్తకుండానే, “మీ అమ్మాయి పట్టా కోసం మేం రాత్రుళ్లు మేలుకోవాలా?” అన్నాడు. నన్ను నాలుగు తిట్టినా పడేదాన్ని, తప్పు నాదే. కానీ అమ్మాయి పక్కనే నిలబడి ఉంది. మర్నాడు “నేను వెళ్లనులే అమ్మా, పోస్టులో తెప్పించుకుంటా” అంది. అతనిచ్చిన మందుతోనే బతికాను, ఆ దణ్ణం ఆ దణ్ణమే. ఆ మాట మాత్రం ఇంకా అరగలేదు.

48 గంటలకి జ్వరం దిగింది. 16వ రోజు ఇంటికి పంపారు, 18వ రోజు పరీక్షలో న్యూట్రోఫిల్స్ 1,900. మా పెద్ద డాక్టరు వెళ్లిరమ్మన్నారు.

వెళ్లేవాళ్లు ఇవి చూసుకోండి. తలుపు పక్కన, వరస చివరి కుర్చీ అడగండి. జనం కూర్చున్నాక లోపలికి, వాళ్లు లేవకముందే బయటికి. మాస్కు ముక్కు దగ్గర బిగుతుగా ఉండాలి. తలకి విగ్గు కంటే నూలు గుడ్డ నయం, హాల్లో ఉక్కపోతకి విగ్గు కింద మాడు దురద పుడుతుంది. పూలగుత్తులు ముట్టుకోకండి, తడిలోనూ వాడిన రేకుల్లోనూ సూక్ష్మజీవులుంటాయి. దగ్గూ జలుబూ లేని పిల్లని మాత్రం నిశ్చింతగా కౌగిలించుకోవచ్చు. థర్మామీటర్ సంచిలో ఉండాల్సిందే, పారాసిటమాల్ అక్కర్లేదు.

పేరు పిలిచినప్పుడు గట్టిగా చప్పట్లు కొట్టలేకపోయాను. సెలైన్ సూది గుచ్చిన చోట ఇంకా నల్లగా కమిలి ఉంది. దేవుడున్నాడా అని మూడు నెలలుగా అతన్నే అడుగుతున్నదాన్ని, ఆ నిమిషం ఏమీ అడగలేదు.

22వ రోజు నాలుగో డోసుకి అమ్మాయే తీసుకెళ్లింది. సిస్టర్‌కి చూపిద్దామని పట్టా కూడా తెచ్చింది. నలగకుండా ఉంటుందని నా రక్తపరీక్షల ఫైల్లో పెట్టింది.