సింగపూర్ నరకంలో మన యముడు

సింగపూర్ వెళ్లినవారంతా చూసివచ్చే చోట్లు మొదటి మూడు రోజుల్లోనే పూర్తి కావడంతో, నాలుగో రోజు ఉదయం అక్క, ఆమె అత్తగారు, ఇంటర్ చదువుతున్న మేనల్లుడు, నేను కలిసి పాసిర్ పంజాంగ్ రోడ్డులోని హావ్ పార్ విల్లాకు మెట్రోలో బయలుదేరాము. స్టేషన్ పేరు కూడా అదే కనుక దారి ఎవరినీ అడగవలసిన పని పడలేదు.

టైగర్ బామ్ అనే నొప్పుల మందు వ్యాపారి ఔ బూన్ హావ్ తన తమ్ముడు బూన్ పార్ కోసం 1937లో కట్టించిన తోట ఇది. రంగూన్‌లో పుట్టిన ఈ అన్నదమ్ముల కథ వింటుంటే నాకు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు గుర్తుకు వచ్చారు. ఆయన 1893లో అమృతాంజనం మొదలుపెట్టి, ఆ డబ్బుతో 1908లో ఆంధ్రపత్రికను స్థాపించారు. బూన్ హావ్ కూడా 1929లో సింగపూర్‌లో ఒక చైనీస్ దినపత్రికను ప్రారంభించాడు. అయితే మన పంతులుగారు మిగిలిన సొమ్మును పుస్తకాల మీద ఖర్చు పెడితే, ఈయన చైనా పురాణాలకూ నీతికథలకూ సంబంధించిన వెయ్యికి పైగా బొమ్మలను సిమెంటుతో చేయించి, ఎర్రటి, పచ్చటి రంగులు దట్టంగా పూయించి, ఒక కొండవాలు నిండా నిలబెట్టించాడు.

తోటలోకి ప్రవేశం ఉచితమే కానీ, అందులో చైనావారి నరకాన్ని బొమ్మలతో చూపే గుహకు టికెట్టు ఉంది. 2021లో దాని చుట్టూ ఒక మ్యూజియం ఏర్పాటు చేశారు. ఎద్దుతల, గుర్రపుతల ఉన్న భటులు కాపలా కాసే గుమ్మం దాటితే, చీకటిగా ఉన్న గుహలో వరుసగా పది న్యాయస్థానాలు కనిపిస్తాయి. వడ్డీలు పిండేవారిని కత్తుల కొండ మీదికి విసురుతున్నారు. పన్ను ఎగవేసినవారిని రోకలితో దంచుతున్నారు. అన్నం పారవేసినవారిని రంపంతో రెండుగా కోస్తున్నారు. పరీక్షల్లో కాపీ కొట్టినవారికి పేగులు లాగే శిక్ష అని చదివిన మా మేనల్లుడు, ఇంత చిన్న తప్పుకు ఇంత శిక్షా అని మెల్లగా అడిగాడు. గరుడ పురాణంలోని కుంభీపాకాన్నీ అసిపత్రవనాన్నీ చిన్నప్పుడే విన్న నాకు శిక్షలు కొత్తగా అనిపించలేదు కానీ, ఏ నేరం ఏ కోర్టు పరిధిలోకి వస్తుందో ఇంత పద్ధతిగా విభజించి పెట్టడం మాత్రం అచ్చంగా కలెక్టరాఫీసును తలపించింది.

అయిదో కోర్టు దగ్గర ఎక్కువసేపు ఆగాను. అక్కడి న్యాయాధిపతి యన్‌లువో మరెవరో కాదు, బౌద్ధంతో పాటు చైనా చేరిన మన యమధర్మరాజే. ఆయన మొదట మొదటి కోర్టులో ఉండేవాడనీ, అన్యాయంగా చనిపోయినవారి మీద జాలిపడి తిరిగి భూలోకానికి పంపిస్తుండడంతో అయిదో కోర్టుకు దించారనీ చైనావారు చెప్పుకుంటారు. మన దగ్గర దున్నపోతు మీద వచ్చి ప్రాణాలు పట్టుకుపోయే దొర, అక్కడ దయ ఎక్కువై హోదా పోగొట్టుకున్న ఉద్యోగి! సావిత్రి చేతిలో ఓడిన యముణ్ణి తలచుకుంటే ఈ కథ నాకు నమ్మదగినదిగానే తోచింది.

పదో కోర్టులో, మళ్లీ పుట్టబోయేవారికి గత జన్మను మరపించే కషాయం ఇచ్చే ముసలమ్మ ఉంటుంది. అది దాటి ఎండలోకి వచ్చాక, పళ్లు లేని అత్తగారికి చనుబాలిస్తున్న కోడలి బొమ్మ ఎదురైంది. పెద్దల పట్ల భక్తిని చాటే పాతకాలపు చైనా కథల్లో అదొకటి. అక్క అత్తగారు కొంగుతో చెమట తుడుచుకుంటూ దాన్ని చాలాసేపు చూసి, "ఏ ఊరి పిల్లోగానీ, బంగారం," అన్నారు. అక్క ఏమీ మాట్లాడకుండా మంచినీళ్ల సీసా ఆమె చేతికిచ్చి, గేటు వైపు నడిచింది.