విశాఖ పెరట్లో మెట్టతామరను చలికాలం దాటించడం: నా అనుభవం

మెట్టతామరను (ఇంగ్లీషులో కానా) నాటి పూయించడం కష్టం కాదు. కానీ దానిని ఏటేటా అదే బలంతో, అదే పూతతో నిలబెట్టుకోవడానికి శ్రద్ధ కావాలి. మురళీనగర్‌లో మా ఇంటి వెనుక ప్రహరీ పక్కన ఉన్న ఎర్రనేలలో నేను ఈ మొక్కలను కొన్నేళ్లుగా పెంచుతున్నాను. విశాఖపట్నంలో మెట్టతామరకు గండం చలి వల్ల కాదనీ, చలికి ముందు ఆశ్వయుజ కార్తీకాల్లో వచ్చే గాలివానల వల్ల, ఆ తర్వాత దుంప చుట్టూ నిలిచిపోయే తడి వల్ల అనీ నాకు ఈ పెంపకంలోనే బోధపడింది.

వృక్షశాస్త్రం ప్రకారం అరటి, అల్లం, పసుపు ఏ క్రమానికి చెందినవో మెట్టతామర కూడా ఆ క్రమానికే చెందుతుంది. ఈ ఒక్క విషయం మనసులో ఉంచుకుంటే దాని అవసరాలు చాలావరకు అర్థమవుతాయి. వెడల్పాటి ఆకులకు ఎండ, నీరు, ఎరువు పుష్కలంగా అందాలి. నేలలోని దుంపకు గాలి ఆడే మట్టి కావాలి. మా ఎర్రమట్టిలో సారం తక్కువ కాబట్టి బాగా చివికిన గత్తం, కొంత వర్మీకంపోస్టు, గుప్పెడు వేపపిండి కలిపి, తొలకరి పడ్డాక కన్ను (మొలక వచ్చే మొగ్గ) పైకి ఉండేలా దుంపలను నాలుగు వేళ్ల లోతున నాటాను. పొడవు రకాలకు రెండు అడుగుల ఎడం ఇచ్చాను, పొట్టి రకాలకు అడుగున్నర సరిపోయింది. దుంపలు కడియం నర్సరీల నుంచి వచ్చినవి. కొనేటప్పుడు పువ్వు రంగు కంటే దుంప గట్టిదనాన్నీ, కన్నులనూ చూసి ఎంచుకోవడమే మేలని నా అభిప్రాయం.

పూసే కాలంలో చేయవలసిన పని ఒక్కటే, కానీ దానిని వదలకుండా చేయాలి. పువ్వులో మనకు రేకులుగా కనిపించే రంగు భాగాలు నిజానికి రూపు మారిన కేసరాలు. అసలు రేకులు వాటి అడుగున సన్నగా, చిన్నగా ఉంటాయి. ఆ రంగు భాగాలు వాడిపోగానే కింద బుడిపెల కాయ కడుతుంది. ఆ కాయను ఉంచితే మొక్క బలం గింజకు పోతుంది కాబట్టి వాడిన గుత్తిని తుంచివేస్తాను. పక్క మొగ్గలన్నీ పూసి అయిపోయాక ఆ కాండాన్ని నేల మట్టానికి కోసివేస్తే దుంప కొత్త పిలకను పంపుతుంది. నల్లటి గింజలు మొలిపించాలనుకునే వారు వాటి గట్టి పెంకును గరుకు కాగితంతో కొంచెం అరగదీసి, రాత్రంతా నీటిలో నానబెట్టాలి. సంకర రకాల గింజలు తల్లి మొక్కను పోలిన పువ్వునే ఇస్తాయన్న నమ్మకం లేదు. నచ్చిన రంగును కాపాడుకోవడానికి దుంపే మార్గం.

ఇక గాలివానల సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ నగరం మీద తీరం దాటినప్పటి నుంచి విశాఖలో తోట పెంచే వారెవరూ అక్టోబరు, నవంబరు నెలలను తేలికగా తీసుకోరు. తుపాను హెచ్చరిక వినగానే నేను పూత అయిపోయిన కాండాలన్నీ కోసివేసి, మిగిలిన వాటిని వెదురు కర్రలకు జనపతాడుతో వదులుగా కడతాను. పొడవాటి కాండం గాలికి ఊగి మొదలు దగ్గర విరిగితే ఆ గాయం దుంప దాకా చీలుతుంది; మనం కత్తితో నున్నగా కోసినది త్వరగా ఆరుతుంది. గాలి తగ్గాక ఆకుల మీద ఉప్పు తుంపర పడి ఉంటే మంచినీటితో కడుగుతాను, లేకపోతే అంచులు మాడిపోతాయి.

నీటి విషయంలో ఒక వివరణ అవసరం. మురుగునీటిని శుద్ధి చేసే మడుల్లో కూడా మెట్టతామరను నాటుతారు. అంటే చురుకుగా ఎదిగే కాలంలో అది నీటిని బాగానే తట్టుకుంటుంది. కానీ ఎదుగుదల మందగించి, కాండాలు తెగి, కోత గాయాలు పచ్చిగా ఉన్న దుంప మాత్రం అదే తడిలో కుళ్లుతుంది. అందుకే వర్షాలకు ముందే మడిని చుట్టుపక్కల నేల కంటే జానెడు ఎత్తు చేసి, నీరు పోవడానికి ఒక పక్క కాలువ తీయడం నేను తప్పనిసరిగా పెట్టుకున్నాను.

డిసెంబరు, జనవరి నెలల్లో మా దగ్గర రాత్రి ఉష్ణోగ్రత సాధారణంగా 17, 18 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఆ చలికి మెట్టతామర చావదు, పూర్తిగా నిద్రపోదు కూడా. పూత పలచబడి, ఆకులు పాతబడి అలాగే నిలబడి ఉంటుంది. ఆ విశ్రాంతిని మనమే కల్పించాలి. నేను ఎరువు ఆపి, నీరు తగ్గించి, ముదురు కాండాలు కోసి, ఆకుల అడుగున నారింజ రంగు పొడిలాంటి తుప్పు తెగులు ఉన్నవాటిని తోట బయట పారవేస్తాను. గుబురు మరీ ఒత్తుగా ఉన్న ఏడాది పుష్యమాసంలో దూరంగా గునపం దింపి దానిని మొత్తంగా పైకి తీసి, ముక్కకు రెండు మూడు కన్నులు ఉండేలా కోసి, కోతలను నీడలో ఆరనిచ్చి, బూడిద అద్ది తిరిగి నాటుతాను. ఈ పనిలో కత్తి శుభ్రత చాలా ముఖ్యం. ఆకుల మీద ఈనెల వెంట పసుపు చారలు తేలిన గుబురు వైరస్ సోకినదై ఉండవచ్చు, దానికి మందు లేదు. దుంపతో సహా తవ్వి నాశనం చేయాలి. ఎంత ఇష్టమైన రంగైనా దానిని ఉంచుకోమని నేను ఎవరికీ చెప్పను.

అసలైన చలి గండం నేను లంబసింగి దగ్గర ఉన్న మా పిన్ని ఇంట్లో చూశాను. సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న ఆ ప్రాంతంలో కొన్ని రాత్రులు 0 డిగ్రీల దగ్గరకు దిగి, తెల్లవారేసరికి గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంటుంది. నేను ఇచ్చిన దుంపలు అక్కడ బాగా పూశాక, ఒక ఉదయం పిన్ని ఫోన్ చేసి, "ఆకులన్నీ ఉడికించినట్టు నల్లబడిపోయాయమ్మా, దుంపలు కూడా పోయినట్టేనా?" అని బాధపడింది. అక్కడ నేల లోపలి దాకా గడ్డకట్టదు కాబట్టి దుంపకు భయం లేదని చెప్పి, "కాండాలు జానెడు ఉంచి కోసెయ్యి పిన్నీ, మొదళ్ల మీద వరిగడ్డి మందంగా పరిచి నీరు పెట్టడం ఆపు" అన్నాను. మాఘం చివరకు ఆ గడ్డిలోంచి పిలకలు వచ్చాయి.

న్యూజెర్సీలో ఉన్న మా తోడికోడలికి ఈ పద్ధతి సరిపోదు, ఎందుకంటే అక్కడ నేలే గడ్డకడుతుంది. మొదటి మంచుకు ఆకులు నల్లబడగానే ఆమె దుంపలను తవ్వి, కొద్ది రోజులు ఆరబెట్టి, కాస్త తేమ ఉన్న పీట్‌లో (నాచు చివికి తయారైన తేలికపాటి పదార్థంలో) సర్ది, 5 నుంచి 10 డిగ్రీల మధ్య ఉండే చీకటి గదిలో దాచుతుంది. నెలకొకసారి చూసి మెత్తబడిన ముక్కలు తీసివేసి, వసంతంలో మంచు భయం పోయాక మళ్లీ నాటుతుంది.

మాకు మాఘ ఫాల్గుణాల్లో కొత్త పిలకలు కనిపించగానే నీరు క్రమంగా పెంచి, గత్తం మరో విడత వేస్తాను. మొదళ్ల మీద పరిచిన ఎండుగడ్డిని అప్పుడు కొంచెం వెనక్కు జరపాలి. దాని కింద దాగిన నత్తలు లేత పిలకలనే ముందుగా కొరుకుతాయి. ఎండలు ముదిరాక ఆ గడ్డినే మళ్లీ దగ్గరకు లాగితే మేలో మడి త్వరగా ఆరిపోకుండా ఉంటుంది.