ఎస్ట్రాగాన్‌కు గుర్తున్నవి

1953లో పారిస్‌లో తొలిసారి ఆడిన శామ్యూల్ బెకెట్ నాటకం ‘వెయిటింగ్ ఫర్ గోడో’. ఎస్ట్రాగాన్, వ్లాదిమిర్ అనే ఇద్దరు దిమ్మరులు ఒక చెట్టు దగ్గర ఎంతకీ రాని గోడో కోసం ఎదురుచూస్తుంటారు. అందరూ గోడో ఎవరని తలలు బద్దలు కొట్టుకుంటారు. నాకు మాత్రం ఎస్ట్రాగాన్ మతిమరుపే కావాలి. మొదటి అంకంలో క్యారెట్‌ను వేళ్ల మధ్య వేలాడదీసి, దీన్ని ఎన్నటికీ మరచిపోనంటాడు. రెండో అంకంలో నిన్న ఉన్న చోటునే గుర్తుపట్టలేడు. ఎవడో పిచ్చివాడు ముంగాలి మీద తన్నడం మాత్రం గుర్తుంది. ఎముక దొరికిన సంగతీ గుర్తే. దెబ్బ, తిండి: ఈ రెండే మిగిలాయి. వ్లాదిమిర్ అతని ప్యాంటు పైకెత్తి, కోర్టులో సాక్ష్యం పెట్టినట్టు, పుండు చూపిస్తాడు.

నా జాలి వ్లాదిమిర్ మీదే. అన్నీ గుర్తున్నవాడు అతనొక్కడే, అవునని చెప్పేవాడు లేడు. నిన్న ఆ దారిన వచ్చిన పోజో ఇవాళ గుడ్డివాడు, అతనికి నిన్నటి పరిచయం తెలియదు. గోడో కబురు తెచ్చిన కుర్రాడు నిన్న రానేలేదంటాడు. నిన్న మోడుగా ఉన్న చెట్టుకు మాత్రం నాలుగైదు ఆకులు వచ్చాయి.

ఈ మతిమరుపును నవ్వుల కోసం నటిస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇందాకటి మాట ఏమిటని వ్లాదిమిర్ అడిగితే, తాను చరిత్రకారుణ్ణి కానంటాడు ఎస్ట్రాగాన్. నిజంగా మరచిపోయాడా, గుర్తుచేసుకునే ఓపిక లేకా? రెండోదేనని నా అనుమానం.