టీవీకి కాలమ్ ఉంది, కథలకి లేదు

మాది విజయవాడ సింగ్‌నగర్‌లో కింది పోర్షన్. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం బుడమేరు వాగు పొంగి మా గుమ్మంలోకి వచ్చింది. ఆ వాగు వరదని మళ్ళించే కాలువ పోయి కలిసేది కృష్ణలో. మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణే 11 లక్షల క్యూసెక్కులు దాటి పొంగింది. ఇక మా నీళ్ళు ఎక్కడికి పోతాయి? పై పోర్షన్ వాళ్ళు వారం రోజులు మమ్మల్ని పెట్టుకున్నారు. పడవలు, పాల పేకెట్లు, చీకటి రాత్రులు అందరూ చెప్పారు, నేను చెప్పను.

నీళ్ళు తీశాక ఫైరింజన్ పైపుతో ఇంట్లో బురద కడిగారు. మంచం కింద ట్రంకుపెట్టె లాగితే లోపల నా ఇరవై ఏడు లాంగ్ నోటుబుక్కులు, అమ్మ ముగ్గుల పుస్తకం, పెళ్ళి ఫొటోలు ముద్దలైపోయి ఉన్నాయి. అటక మీద పెట్టమంటే బరువని కిందికి తోసింది మా ఆయనే. అటక మీద ఆయనగారి పద్నాలుగేళ్ళ కరెంటు బిల్లులు మాత్రం పొడిగా ఉన్నాయి.

తర్వాత సర్వేకి ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. ఆధార్, పాస్‌బుక్, సొంతిల్లా అద్దిల్లా, ఫ్రిజ్జు, టీవీ, బండి. అన్నీ అయ్యాక "ఇంకేం పోయాయమ్మా?" అన్నాడొకడు.

"నా కథలు" అన్నాను.

"పిల్లల పుస్తకాలా?"

"కాదు బాబూ, నేను రాసినవి. ఇరవై ఎనిమిదేళ్ళ నుంచి."

ఫోన్‌లో కిందికీ పైకీ జరిపాడు. "అవి ఇందులో రావమ్మా." పక్కవాడితో మెల్లగా, "మేడం రైటరంట" అని నవ్వాడు. నాకు వినిపించింది. మా వీధంతా అక్కడే నిలబడి ఉంది. ఎదురింటావిడ, "జనం కట్టుబట్టలతో మిగిలితే ఈవిడకి కాయితాల గోల" అంది. ఆవిడది నిజంగానే అంతా పోయింది కాబట్టి ఏమీ అనలేకపోయాను. కానీ మా ఆయన మోచేత్తో పొడిచి, "ఊరుకో, పరువు పోతోంది" అన్నాడు చూడండి, దానికి ఇంకా మాట్లాడటం లేదు. నా కథలు ఏడు వారపత్రికల్లో అచ్చయ్యాయి, ఒకదానికి బహుమతి కూడా వచ్చింది. అప్పుడు ఆ చెక్కు బ్యాంకులో వేసుకొచ్చింది ఈయనే, అప్పుడు పరువు పెరిగిందేమో.

కింది పోర్షన్లకి ప్రకటించిన 25,000 ఖాతాలో పడింది. అందులో ఇబ్బందేం లేదు.

తడిసిన కాగితం ఉన్నవాళ్ళకి నాలుగు మాటలు. ఎర్రటి ఎండలో ఆరేయకండి. మొదటి మూడు పుస్తకాలు డాబా మీద పరిచి నేనే చెడగొట్టుకున్నాను, అప్పడాల్లా వంకర్లు పోయి అతుక్కున్నాయి. నీడలో, ఫ్యాను కింద, మధ్యమధ్య తెల్లకాగితాలు పెట్టి ఆరనివ్వాలి. ఒకేసారి అన్నీ చేయలేకపోతే కవర్లో పెట్టి ఫ్రీజర్‌లో పడేయండి, బూజు ఆగుతుంది. అతుక్కున్న ఫొటోలు ఆరకముందే మంచినీళ్ళలో నానబెట్టి మెల్లగా విడదీయాలి. మావి ముప్ఫై దాకా దక్కాయి, అక్షింతల ఫొటోలో నా ముఖం మాత్రం పోయింది. పత్రికలవాళ్ళు "ప్రతి ఉంచుకోండి" అని వేస్తే, జిరాక్సు డబ్బులు మీరిస్తారా అనుకునేదాన్ని. ఉంచుకోండి.

అసలు దెబ్బ ఇంకు కొట్టింది. కథలు రాయాలంటే ఫౌంటెన్ పెన్నే ఉండాలని నాకో టెక్కు. ఆ నీలి ఇంకంతా కడుక్కుపోయింది. అమ్మ పెన్సిల్ ముగ్గులు చెక్కుచెదరలేదు. నా పుస్తకాల వెనక అట్టల దగ్గర బాల్‌పెన్నుతో గీకిన పాల లెక్కలు కూడా చక్కగా ఉన్నాయి. 2003 జూన్‌లో ఎన్ని లీటర్లు పోయించుకున్నానో ఇప్పుడు చెప్పగలను. ఆ నెలలో రాసిన కథలో గేదె పేరు గుర్తుంది, అందులో అమ్మాయి ఇల్లొదిలి ఎందుకు వెళ్ళిపోయిందో గుర్తు రావడం లేదు. "మళ్ళీ రాసుకోవచ్చుగా" అంటున్నవాళ్ళకి ఇదే జవాబు.

పదకొండు పుస్తకాలు ఇంకా లబ్బీపేటలో మా మరదలి ఫ్రీజర్‌లోనే ఉన్నాయి. నిన్న ఫోన్ చేసింది, "వదినా, చేపలు పెట్టుకోడానికి చోటు లేదు" అని. ఆదివారం వెళ్ళి తెచ్చుకోవాలి.