బొంబొలోనీకి నడుము పట్టీ వచ్చింది

మూడో ఆదివారానికి బొంబొలోనీ దారికొచ్చాయి. టస్కనీలో వేడివేడిగా తినే డోనట్లు ఇవి, మధ్యలో చిల్లు ఉండదు. బాంబు అనే మాట నుంచే ఆ పేరు. మొదటి వారం నా వంటగదిలో జరిగినదానికి సరిగ్గా సరిపోయింది: నూనె మరీ కాగిపోయి పైన నల్లబడ్డాయి, కొరికితే లోపల పచ్చి పిండి. రెండో వారం సెగ బాగానే కుదిరింది గానీ, రెండోసారి పొంగేదాకా ఆగలేక వేసేశాను. బిళ్లల్లా వచ్చాయి.

ఇవాళ్టి కొలతలు: మైదా 250 గ్రాములు, పంచదార 40, ఇన్‌స్టంట్ ఈస్ట్ 5, ఉప్పు 4, ఒక గుడ్డు, పైన ఇంకో పచ్చసొన, గోరువెచ్చని పాలు 90 మి.లీ., కాస్త నిమ్మతొక్క తురుము. పది నిమిషాలు పిసికాక 40 గ్రాముల మెత్తని వెన్న కొంచెం కొంచెంగా కలిపాను. ఇక్కడ పిండి చేతికి బంకలా పట్టుకుంటుంది, ఇంకాస్త మైదా చల్లాలనిపిస్తుంది. చల్లొద్దు. ఇంకో ఎనిమిది నిమిషాలు పిసికితే అదే చెయ్యి వదులుతుంది.

రెట్టింపయ్యాక ఒకటిన్నర సెంటీమీటర్ల మందాన ఒత్తి, స్టీలు గ్లాసుతో కోశాను. ఒక్కోదాన్నీ బటర్ పేపర్ ముక్క మీద పెట్టి 45 నిమిషాలు ముట్టుకోలేదు. వేలితో నొక్కితే గుంట మెల్లగా పూడాలి. కాగితంతో సహా నూనెలోకి జారిస్తే ఆకారం చెడదు, కాగితం తనే ఊడొస్తుంది. నూనె 170 డిగ్రీలు ఉండాలి. అమ్మకి థర్మామీటర్ మీద నమ్మకం లేదు. బూరెల నూనె చూసినట్టే చిటికెడు పిండి వేసి, అది తేలాక "ఇప్పుడెయ్యవే" అంది. చూస్తే 168!

రెండు నిమిషాలకి తిప్పితే కనబడింది, నడుము చుట్టూ తెల్లటి పట్టీ. బాగా పొంగినవి నూనెలో సగమే మునుగుతాయి, అందుకే మధ్యలో రంగు రాదు. మొదటి వాయి ఫోటో తీసేలోపే రెండు మాయం.

ముంచుకోవడానికి క్రెమా పాస్తిచ్చేరా, అంటే చిక్కటి ఇటాలియన్ కస్టర్డ్ చేశాను. ఇటలీలో అయితే దీన్ని బొంబొలోనీ లోపల నింపుతారు. పచ్చసొనలు 2, పంచదార 50 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ 20, నిమ్మతొక్క వేసి కాచిన పాలు 250 మి.లీ. వేడి పాలు ఒక్కసారిగా పోస్తే గుడ్డు పొరటు అవుతుంది, సన్నటి ధారగా పోసుకోవాలి. చిక్కబడ్డాక ఇంకో అర కప్పు పాలతో జారుగా చేశాను. డార్క్ చాక్లెట్, ప్యాకెట్ క్రీమ్ చెరి వంద గ్రాములతో ఇంకో సాస్. పిల్లలు దాన్నే నాకేశారు. నాకు మాత్రం నిమ్మ వాసనదే నచ్చింది.

పది వచ్చాయి, ఒకటి మిగిలింది. వచ్చే వారం పిండిని రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి చూస్తాను.